పల్లెలో వాక్యధ్యానం, ఒకరోజు ప్యాకేజీ: అవ్వకి అయిదు స్టార్లు, మైకుకి ఒకటిన్నర

మొత్తం చదివే ఓపిక లేనివాళ్ళ కోసం ముందే చెప్పేస్తున్నా: వెళ్ళండి, పిల్లల్ని తీసుకునే వెళ్ళండి, కానీ హాల్లో జరిగే సెషన్‌కి మాత్రం ఏదో ఒక వంక చెప్పి బయటే ఉండిపోండి. లోపాలు కూడా రాస్తున్నాను కాబట్టి నిర్వాహకుల పేరు పెట్టడం లేదు. బెంగళూరు తెలుగు సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నవాళ్ళకి ఆ పోస్టర్ ఈపాటికి వచ్చే ఉంటుంది, పచ్చటి పొలం, గొర్రెపిల్ల, పైన బైబిల్‌లోని ఇరవైమూడో కీర్తన.

దేవనహళ్ళి దాటి విజయపుర వైపు ఒక రైతు కుటుంబం ఇంటికి పొద్దున్నే వ్యాన్‌లో తీసుకెళ్ళి, సాయంత్రం ప్రార్థన అయ్యాక తిరిగి దింపుతారు. అవ్వ, తాత, కొడుకు, కోడలు, మనవలు, అందరూ క్రైస్తవ విశ్వాసులే. ఇంట్లో తెలుగే, ఆ వైపు తెలుగు మాట్లాడే ఊళ్ళు చాలా ఉన్నాయి, చింతామణి దాకా పోతే ఇంకా ఎక్కువ. నలుగురికి అయిన ఖర్చు మాల్‌లో సినిమా చూసి అక్కడే తిని వచ్చినంత, అంటే తక్కువేం కాదు.

మేము డిసెంబర్‌లో వెళ్ళాం. రాగి కోతలు అయిపోయి కళ్ళంలో కుప్పలు ఉన్నాయి. అక్కడ పొలంలో రాగి ఒక్కటే వెయ్యరు, రాగి సాళ్ళ మధ్య ఒక సాలు అనపకాయలు, ఒక సాలు ఆవాలు, అక్కడక్కడా ఆముదం చెట్లు కూడా ఉంటాయి, వాన మీదే ఆధారం కదా, ఒకటి పోయినా ఒకటి నిలుస్తుందని. వెయ్యి అడుగులు దాటి బోరు వేసినా నీళ్ళు పడతాయన్న నమ్మకం లేదట. వాన కోసం తాత చేసే ప్రార్థనకీ, రెయిన్‌కోటు మర్చిపోయామే అని మనం చేసే ప్రార్థనకీ తేడా ఉంటుంది మరి.

కళ్ళంలో రాగి వెన్నులు పరిచి ట్రాక్టర్‌కి కట్టిన రాతి గుండు తిప్పుతున్నారు. (దారిలో కొందరు తారురోడ్డు మీదే రాగి పరిచేశారు, వచ్చేపోయే బండ్లే నూర్చి పెడతాయి, మా వ్యాన్ కూడా తన వంతు తొక్కింది.) ఆ పక్కనే అవ్వ గోనెపట్టా మీద ఎండిన ఆవ మొక్కలు వేసుకుని సన్నటి కట్టెతో మెల్లగా తడుతోంది. మా పెద్దోడికి దేనికైనా షార్ట్‌కట్ కావాలి, "అవ్వా, ఇవి కూడా ఆ గుండు కింద వేసేస్తే తొందరగా అయిపోతుంది కదా" అన్నాడు. అవ్వ తల కూడా ఎత్తలేదు. "రాగికి గుండు గావాల, ఆవాలకి కట్టె చాలు బిడ్డా. వీటిమీద గుండు తోలితే ఇంగేముంటాది, పిండే."

అంతే, వాక్యం చెప్పలేదు, ఆమెన్ అనిపించలేదు. నాకు మాత్రం బైబిల్‌లో యెషయా గ్రంథం 28వ అధ్యాయం చివరి భాగం కళ్ళముందు కనిపించింది. జీలకర్ర మీద బండి చక్రం నడిపించరు, దాన్ని కర్రతోనే కొడతారు, రొట్టెల గింజలనైతే నూర్చుతారు గానీ వాటిని కూడా ఎల్లకాలం నూర్చుతూ ఉండరు, రైతుకి ఈ తెలివి దేవుడే నేర్పాడు అని ఉంటుంది అక్కడ. ఆ భాగం మీద ప్రసంగం నేనెప్పుడూ వినలేదు. మా ఇంట్లోనూ ఒకడు రాగి, ఒకతి ఆవాలు, వాడిని ఎంత అరిచినా దులిపేసుకుని బ్యాట్ తీసుకుని వెళ్ళిపోతాడు, చిన్నదానికి గొంతు కాస్త పెంచితే చాలు, రాత్రి అన్నం మానేస్తుంది. మాతో వచ్చిన ఒకాయనకి ఈమధ్యే ఉద్యోగం పోయింది, ఫోన్‌లో ఆ అధ్యాయం తీసి ఇస్తే 'ఎల్లకాలం నూర్చరు' అన్న దగ్గర చాలాసేపు ఆగిపోయారు.

సరిగ్గా అప్పుడే హాల్లోకి రమ్మని మైకులో పిలిచారు. రేకుల షెడ్డు, ప్రొజెక్టర్, అంశం ఆవగింజంత విశ్వాసం. బయట అవ్వ ముందు శేర్లకొద్దీ ఆవాలు ఉండగా, లోపల ఒక్కో పిల్లకి ఒక్కో ఆవగింజ టేపుతో అంటించిన లామినేషన్ కార్డు. ఆవ మొక్క చెట్టవుతుంది, పక్షులు గూళ్ళు కట్టుకుంటాయి అని బ్రదర్ చెప్తుంటే మా చిన్నది లేచి, అవ్వ దగ్గరున్న మొక్క నా అంతే ఉంది, దాని మీద ఏ పక్షి కూర్చుంటుంది అని అడిగింది. "విశ్వాసంతో చూడాలమ్మా" అన్నారాయన. యేసు ఈ మాట చెప్పిన దేశంలో నల్ల ఆవ మొక్క మనిషిని మించి ఎదుగుతుందని ఒక్క ముక్క చెప్తే సరిపోయేది కదా, పిల్ల అడిగింది అవిశ్వాసంతో కాదు, అరగంట ముందు ఆ మొక్కని చేత్తో పట్టుకుని చూసింది కాబట్టి.

తర్వాతి స్లైడు యోహాను సువార్త 15, నేను ద్రాక్షావల్లిని. స్లైడు మీద ఎక్కడిదో విదేశీ తోట ఫోటో. రోడ్డుకి అవతలే బెంగళూరు బ్లూ ద్రాక్ష పందిళ్ళు ఉన్నాయండీ, 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చిన రకం, మన జ్యూస్ బండ్ల దగ్గర కనిపించే ఆ నల్ల ద్రాక్షే. తోట యజమానిని ఒక్క మాట అడిగి పిల్లల్ని పందిరి కిందకి తీసుకెళ్ళి, ఏ తీగ ఎక్కడ కోస్తారో, కోస్తేనే కాపు ఎందుకొస్తుందో పనివాళ్ళతో చెప్పిస్తే ఎంత బాగుండేది. అలాగే కనబడిన ప్రతి చెట్టుకీ వాక్యం బోర్డు కొట్టేశారు. కొట్టం మీద 'ఎద్దు తన కామందు నెరుగును' అని పెద్ద అక్షరాలు, లోపల ఉన్నవేమో జెర్సీ ఆవులు.

భోజనం ఆలస్యమైనా ఏమీ అనలేను. రాగిసంకటి, నాటుకోడి పులుసు, పితికిపప్పు కూర. నానబెట్టిన అనపగింజలు గిన్నెల్లో పోసి మా అందరి ముందూ పెట్టేశారు, మగవాళ్ళతో సహా కూర్చుని ఒక్కో గింజా పితికాం, ఆ గంటలో జరిగిన సహవాసం మా అపార్ట్‌మెంట్ ప్రార్థన కూటంలో ఏడాదంతా జరగదు.

అక్కడే ఇంకో సంగతి. పులుసులో ఉప్పు దగ్గర అవ్వకీ కోడలికీ మా ముందే మాటామాటా పెరిగింది. కోడలు గరిటె పొయ్యి పక్కన విసిరేసి కొట్టంలోకి వెళ్ళిపోయింది, నిర్వాహకుల ముఖాలు పాలిపోయాయి. పొద్దు వాలుతుండగా అవ్వే లేచి కొట్టం దాకా వెళ్ళి "రాయమ్మీ, పాట టైమాయె" అని పిలిచింది. ప్రార్థనలో ఇద్దరూ ఒకే కీర్తనల పుస్తకం పట్టుకున్నారు, అవ్వకి చూపు ఆనదు కాబట్టి కోడలు ముందు చరణం అందిస్తే అవ్వ పాడుతుంది. సారీలూ లేవు, సాక్ష్యాలూ లేవు. సూర్యుడు అస్తమించేవరకు కోపం నిలవకూడదన్న ఎఫెసీ పత్రికలోని మాట ఏ చెట్టు బోర్డు మీదా లేదు, చూశాను.

మిగతావి గబగబా: అంతమందికీ టాయ్‌లెట్ ఒక్కటే, అదీ దూరంగా. పెద్దవాళ్ళకి కుర్చీలు తక్కువ, మోకాళ్ళ నొప్పులుంటే అడిగి ముందే వేయించుకోండి. తిరుగు ప్రయాణంలో హెబ్బాళ దగ్గర ట్రాఫిక్ తప్పదు, పిల్లలకి బిస్కెట్లు దగ్గర పెట్టుకోండి.

బుక్ చేసేటప్పుడు కళ్ళం పనులు నడుస్తున్నాయా అని ఫోన్ చేసి కనుక్కోండి. సంక్రాంతి దాటాక రాగి ఇంట్లోకి చేరిపోతుంది, అప్పుడు వెళ్తే అదే డబ్బు కట్టి ప్రొజెక్టర్ చూసి రావాలి.