పగిలిన ముందు అద్దంతో ఆటోక్రాస్: చాలా కాలం తోలినాక నా రివ్యూ

ముందే చెప్పేస్తా, ఇది కొత్త బండి రివ్యూ కాదు. పాత పెట్రోల్ స్విఫ్ట్, దాని ముందు అద్దం, ఆ అద్దం మీద పగులు, ఆ పగులుతో ఆటోక్రాస్‌లో (కోన్ల మధ్య టైముకి తోలే ఆట) ఎట్టుంటది, మామూలు నెల్లూరు ఒంగోలు తిరుగుళ్లలో ఎట్టుంటది, మధ్యలో పగుల్లోకి కొట్టించిన రెసిన్ అనే జిగురు నిలబడిందా లేదా, చివరికి మార్పించిన అద్దాలు ఎట్టున్నాయి, ఇదీ మేటర్. మా కుర్రోళ్లలో ఎవుడో ఒకడు "అన్నా గ్లాసు క్రాక్ ఇచ్చింది, ఈ ఆదివారం తోలొచ్చా" అని అడుగుతానే ఉంటాడు, ఒక్కోడికీ విడిగా చెప్పే ఓపిక లేక రాస్తుండా.

అసలు ముందు అద్దం ఏందో తెలీకుండానే సగం మంది సలహాలిస్తుంటారు. సైడ్ గ్లాసులు టెంపర్డ్, గట్టిగా తగిలితే ఒక్కసారే రవ్వలు రవ్వలుగా రాలిపోతాయి. ముందుది లామినేటెడ్, రెండు గాజు పలకల మధ్య పీవీబీ అనే ప్లాస్టిక్ పొర, మందం మిల్లీమీటరు కూడా ఉండదు, పగిలిన గాజుని రాలకుండా పట్టుకోనుండేది అదే. ఫ్రాన్స్‌లో బెనెడిక్టస్ అనే కెమిస్టు 1909లో పేటెంట్ తీసుకున్నాడు దీనికి, అప్పుడు మధ్యలో సెల్యులాయిడ్ వాడేవాళ్లు. మన దగ్గర 1989 మోటారు వాహనాల రూల్స్‌లో 100వ రూలు ప్రకారం ముందు అద్దం లామినేటెడే ఉండాలి, వెలుతురు కనీసం 70 శాతం లోపలికి రావాలి. రెండు పలకలు కాబట్టే రాయి తగిలితే చాలాసార్లు బయటి పలక వరకే పగిలి లోపలిది బాగానే ఉంటది. గోరు పెట్టి చూసుకోండి. బయట గీస్తే గోరు పట్టుకుంటది, లోపల గీస్తే నున్నగా జారిపోవాలి. లోపల కూడా పట్టుకుంటా, డాష్‌బోర్డ్ మీద ఎండ పడ్డప్పుడు సన్నగా మెరుస్తా ఉంటే అది గాజు పొడి, ఇంక ఈ రివ్యూ కూడా చదవబాకండి, బండి పక్కన పెట్టేయండి.

మొదటి దెబ్బ పొదిలి నుంచి ఒంగోలు వస్తా చీమకుర్తి కాడ తగిలింది, ఆ రోడ్డు మీద గ్రానైట్ బండ్లు, టిప్పర్ల వెనక పోవడమంటే తెలిసిందే గదా. పాసింజర్ వైపు, చింతగింజలో సగం ఉంటది, చుట్టూ గుండ్రంగా, కాళ్లు చాచలేదు. దానికి వెంటనే టేపు ముక్క అంటించి, నీళ్లు పోయకుండా, నెల్లూరు వచ్చినాక రెసిన్ కొట్టించా. పని చూడటానికి బాగుంటది, ఆ దెబ్బ మీద చిన్న ఇంజెక్టర్ బిగించి లోపలి గాలి లాగేసి రెసిన్ తోస్తారు, పైన యూవీ లైటు పెడితే గట్టిపడిపోద్ది, బ్లేడుతో పైది గీకేస్తారు. మచ్చ పూర్తిగా పోదు, సన్నటి చుక్క కనపడతానే ఉంటది, పోతదని ఎవురన్నా చెప్తే నమ్మబాకండి. కానీ ఆ దెబ్బ ఆ తర్వాత ఒక్క ఇసుమంత కూడా పెరగలా. ఎండలు చూసింది, తుఫాను వానలు చూసింది, మట్టి గ్రౌండులో ఎగిరెగిరి పడింది, కదల్లా. వెయ్యి రూపాయలకి ఇంతకన్నా ఏం కావాల. కండిషన్ ఒకటే, దుమ్ము, తడి లోపలికి పోకముందే కొట్టించాల, నాలుగు సార్లు వాటర్ వాష్ చేయించినాక పోతే రెసిన్ పట్టదు.

రెండోది అట్టా కాదు. ముత్తుకూరు రోడ్డులో పోర్టు లారీ వెనక, చిన్న రాయే, కానీ అద్దం కింది అంచుకి ఆనుకోని తగిలింది. అంచు దగ్గర గాజులో ఎప్పుడూ బిగువు ఉంటది, ఆడ మొదలైన పగులు ఆగదు. రెసిన్ కుర్రోడు చూడంగానే "ఇది లైనన్నా, నా వల్ల కాదు" అన్నాడు, నిజం చెప్పినందుకు వాడంటే నాకు గౌరవం. సరే ఎంత దూరం పోద్దో చూద్దామని లోపలి వైపు పగులు కొస దగ్గర మార్కర్ పెన్నుతో గీత పెట్టి పక్కన తేదీ రాసుకుంటా వచ్చా. అప్పుడు తెలిసింది దాని గుణం. చల్లటి పూట తోలితే రోజుల తరబడి ఆడే ఉంటది. మే నెలలో పైటాల ఎండలో నిలబెట్టిన బండి ఎక్కి ఏసీ ఫుల్లు పెట్టి గాలి అద్దం మీదకి తిప్పితే, కళ్ల ముందే రవ్వంత ముందుకి జరగద్ది. గాజు ఒక పక్క చల్లబడి ముడుచుకుంటది, ఇంకో పక్క కాలతా ఉంటది, ఆ లాగుడుకి చీలద్ది. కాబట్టి క్రాక్ ఉన్నోళ్లు ముందు కిటికీలు దించి వేడి పోనిచ్చి, ఏసీ మొహానికి పెట్టుకోండి, అద్దానికి కాదు. ఎండలో కాలిన అద్దం మీద చన్నీళ్లు పోసే మహానుభావులకి నేను చెప్పేదేం లేదు.

ఇంక ఆటోక్రాస్‌లో. ఖాళీ లేఅవుట్‌లో కోన్లు పెట్టుకోని, ఒక్కో బండి టైము కొట్టుకుంటా పోయే ఆట, స్పీడు పెద్ద ఉండదు, రెండో గేరు దాటేది తక్కువ. అందుకే అందరూ అద్దానికి ఏమైద్దిలే అనుకుంటారు. నిజమే, అద్దం ఊడి మీద పడదు. బాధంతా కంటికి. పొద్దున పూట పగులు ఉన్నట్టే అనిపించదు, మెదడు దాన్ని వదిలేస్తది. సాయంత్రం పడమరకి తిరిగే టర్నింగులో ఎండ ఎదురు పడంగానే ఆ గీత మొత్తం తెల్లగా వెలిగి దాని వెనక కోను మాయం. కోను తగిలితే టైముకి సెకన్లు కలుపుతారు, గెలిచే పరుగు అట్టా పోయినోళ్లని చూశా. దీనికి తోడు మట్టి. బయటి పలక పగుల్లోకి ఎర్రమట్టి దూరి గీత కాస్తా తుప్పు రంగుకి వస్తది, తుడిస్తే రాదు, వైపర్ వేస్తే రబ్బరు ఆ అంచుకి కోసుకోని ఇంకా అలుకుద్ది. రాత్రి హైవే మీద ఎదురు లైట్లు పడితే అదే గీత చీలి రెండు మూడు వెలుగులుగా కనపడద్ది, కోవూరు దాటి కావలి వైపు రాత్రి తోలడం నేను పూర్తిగా మానేశా ఆ రోజుల్లో.

ఇంకోటి చాలామందికి తెలీదు. పాత మారుతి 800, జిప్సీల్లో అద్దం రబ్బరు బీడింగులో కూర్చోనుంటది, బండి మెలి తిరిగినా అద్దం మీద పెద్ద భారం పడదు. ఇప్పటి బండ్లలో పీయూ (పాలీయురెథేన్) గమ్ముతో బాడీకే అతికించేస్తారు, అద్దం కూడా బాడీ గట్టిదనంలో భాగమే, పాసింజర్ ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్నప్పుడు దానికి ఆనుకునేది కూడా ఈ అద్దమే. ముందు టైరు మార్చడానికి ఒక మూల జాకీ ఎత్తినప్పుడు టిక్కుమని సౌండొచ్చింది, పోయి చూస్తే పగులు నా మార్కర్ గీత దాటి డ్రైవరు వైపు వచ్చేసింది. గుంటల్లో ఒక చక్రం గాల్లోకి లేచే ఆటోక్రాస్‌లో జరిగేది కూడా ఇదే, కాకపోతే అప్పుడు హెల్మెట్‌లో సౌండు వినపడదు.

చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్‌కి పోదామనుకునేవాళ్లకి మాత్రం ఇది చర్చే కాదు. 3.7 కిలోమీటర్ల ట్రాకు, మెయిన్ స్ట్రెయిట్‌లో ముందు బండి టైరు లేపే రాయి మీ మొహానికే వస్తది. స్క్రూటినీలో, అంటే ట్రాక్ ఎక్కకముందు చేసే తనిఖీలో, బ్యాటరీ బిగింపు, టో హుక్ (బండిని లాగే కొక్కెం), బెల్టులు చూసినట్టే అద్దం కూడా చూస్తారు, డ్రైవరు చూపుకి అడ్డంగా పగులుంటే నాలుగు గంటల ప్రయాణం చేసొచ్చి బయట కూర్చోని టీ తాగాల్సిందే. అద్దం బదులు పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ షీటు వేద్దామా అనే తెలివి కూడా కొందరికి వస్తది, వైపర్ రెండు సార్లు తిరిగితే గీతలు పడిపోద్ది, రోడ్డు మీద రూలు ఒప్పుకోదు, వదిలేయండి.

చివరికి మార్పించా, అదీ రెండు సార్లు. మొదట లోకల్ గ్లాసు, ఫిట్టింగుతో కలిపి నాలుగున్నర వేలు. సిటీలో తోలితే బాగానే ఉంది. గ్రౌండులో తల తిప్పుతా అంచు లోంచి కోన్లు చూస్తే కోను నడుము దగ్గర వంగినట్టు కనపడతది, నాలుగు రౌండ్లు కొట్టేసరికి తలనొప్పి. పైగా ఆ షాపోళ్లు పీయూ బదులు సిలికాన్ పూసినట్టున్నారు, మొదటి వానకే కాళ్ల దగ్గర మ్యాట్ తడిసింది. తర్వాత కంపెనీ గ్లాసు, తొమ్మిది వేలు దాటింది, మూలలో సేఫ్టీ గ్లాసుకి ఉండే ఐఎస్ 2553 గుర్తు ఉందా అని చూసుకున్నాకే పెట్టనిచ్చా. పాత గమ్ము గీకి, ప్రైమరు పూసి, పీయూ వేసి, టేపులు అంటించి ఆ రోజుకి బండి ఆడే వదిలేయమన్నారు. పీయూ గాల్లో తేమతోనే గట్టిపడద్ది, మన నెల్లూరులో దానికి కొదవ లేదు. డోరు వేసేటప్పుడు కిటికీ కొంచెం దించి పెట్టుకోండి, లేకపోతే లోపలి గాలి తోసేసి పచ్చి గమ్ము లేచిపోద్ది. ఈ గ్లాసుతో కోన్లు తిన్నగా నిలబడ్డాయి, తలనొప్పి పోయింది, ఇంతకన్నా రివ్యూ అక్కర్లేదు దానికి. అన్నట్టు ఇంత గొడవ పడే ఈ గాజుకి కావాల్సిన సిలికా ఇసుక మన గూడూరు పక్కన చిల్లకూరు, కోట వైపే తవ్వి లారీల్లో పంపిస్తారు, ఆ లారీల వెనక కూడా దూరంగానే పోండి.

ఇన్సూరెన్సు గురించి. ఓన్ డ్యామేజ్ ఉన్న పాలసీలో గాజుకి తరుగుదల కొయ్యరు, ప్లాస్టిక్, రబ్బరుకి 50 శాతం కోస్తారు. అయితే 1500 సీసీ లోపు కారుకి 1000 రూపాయలు మన చేతిది పడద్ది, క్లెయిమ్ చేయని ఏళ్లకి ప్రీమియంలో తగ్గించే నో క్లెయిమ్ బోనస్ కూడా పోద్ది, అది 50 శాతం దాకా చేరినోళ్లు లెక్కేసుకుంటే జేబులోంచి వేయించుకోవడమే మేలనిపించొచ్చు. మన ఆటోక్రాసోళ్లు గుర్తు పెట్టుకోవాల్సింది ఇంకోటి, పాలసీ కాగితంలో రేసింగు, స్పీడ్ టెస్టింగు, రిలయబిలిటీ ట్రయల్స్‌కి వాడితే వర్తించదని రాసే ఉంటది. గ్రౌండులో పగిలింది గ్రౌండు ఖాతాలోనే, ఎంట్రీ ఫీజు పక్కన ఒక అద్దం డబ్బులు కూడా తీసి పెట్టుకోండి.