ఎలుకల పేస్టు: హెచ్చరిక చాలా, నిషేధం కావాలా?

మిర్యాలగూడలో రైస్ మిల్లులకు కొదవ లేదు, ఎలుకలకూ కొదవ లేదు. మా అవ్వ టమాటా ముక్కకు మందు రాసి బియ్యం డ్రమ్ము వెనక పెట్టేది. ఆ ట్యూబు అచ్చం టూత్‌పేస్టు ట్యూబులాగే ఉండేది. పనయ్యాక మూత బిగించి కిటికీ గూట్లో పెట్టేది. పిల్లల బ్రష్షులు కూడా అదే గూట్లో. ఆ గూడు గుర్తొస్తే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

అలాంటి పేస్టుల్లో ఉండేది ఎల్లో ఫాస్ఫరస్. దానికి విరుగుడు లేదు. పొరపాటున నోట్లో పెట్టుకున్న పిల్లాడు కాస్త వాంతి చేసుకుని, తేరుకున్నట్టే కనిపించవచ్చు. రెండు మూడు రోజులకు కళ్లు పచ్చబడతాయి, అప్పటికే లివర్ దెబ్బతిని ఉంటుంది. అందుకే "బాగానే ఆడుకుంటున్నాడు కదా" అని ఇంట్లో ఉంచుకోవద్దు. ట్యూబు చేతబట్టుకుని వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తాలి.

మరి దీన్ని ఏం చేయాలి? డబ్బా మీద హెచ్చరిక రాసి, జాగ్రత్తలు చెబితే చాలని కొందరంటారు. మా అవ్వకు చదువు రాదు. చదువొచ్చిన నాకే ఆ చీమ తలకాయంత అక్షరాలు కనబడవు.

అయినా జాగ్రత్తల సంగతి నల్గొండ వాళ్లకు ఒకరు చెప్పాలా? ఫ్లోరైడ్ నీళ్లను బాగుచేసే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని. నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి శాస్త్రవేత్తలు తయారుచేసింది. నీళ్లలో పటిక, సున్నం కలిపి బాగా తిప్పి, మడ్డి అడుగుకు దిగాక పైన తేటను పట్టుకోవాలి. పద్ధతి మంచిదే. కానీ కొలత తప్పకుండా రోజూ చేయాలి. తెల్లారకముందే నాట్లకు పోయే తల్లి ఎన్నేళ్లు చేస్తుంది? మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లకు వంగిపోయిన నడుములు, వంకర తిరిగిన కాళ్లు ఆ తల్లుల తప్పు కాదు. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసిన మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చాకే ఆ భారం దిగింది. ఇంటింటికీ జాగ్రత్తలు చెప్పడం కన్నా, విషం ఇంట్లోకి రాకుండా చూడడమే పని చేసింది.

రెండో దారి, ఆధార్ చూపించి, రిజిస్టర్‌లో రాయించుకుని అమ్మడం. యాసిడ్ విషయంలో 2013లో సుప్రీంకోర్టు ఇలాగే చెప్పింది. బాత్రూమ్ కడగడానికి యాసిడ్ సీసా కొన్న ఏ దుకాణంలోనూ నన్ను కార్డు అడిగినవాళ్లు లేరు.

ఇక నిషేధం. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం (లెడ్) అనే విషలోహం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు దాటకూడదని 2017 నవంబరు నుంచి దేశమంతా రూలు ఉంది. పాలమూరు నుంచి హైదరాబాద్‌కు వలసపోయి గోడలు గీకి రంగులేసే కూలీ డబ్బా మీద ఏం రాసుందో చదవాల్సిన పని లేకుండా కాపాడే పద్ధతి అది. శ్రీలంక అత్యంత విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా ఆపేసింది. 1995 నాటి ఆత్మహత్యల రేటు తర్వాతి ఇరవై ఏళ్లలో సగానికి పైగా తగ్గింది, పంటల దిగుబడి పడిపోలేదు. బాధలో ఉన్న మనిషికి ఆ ఒక్క ఘడియ చేతికి ఏమీ అందకపోతే బతుకుతాడు.

"మరి ఎలుకలో?" అని మిల్లులో పనిచేసే మా మామ అడిగాడు. న్యాయమైన ప్రశ్నే, బస్తాలకు బస్తాలు పాడైతే నష్టపోయేది వాళ్లే. కానీ బోను ఉంది. బ్రోమడియోలోన్ అనే మరో ఎలుకల మందు బిళ్లలున్నాయి, అవీ విషమే, పిల్లలకు అందకూడదు, కాకపోతే విటమిన్ కె రూపంలో విరుగుడుంది. దొంగచాటుగా అమ్ముతారంటే, అమ్మవచ్చు. అయినా కిరాణం దుకాణంలో బిస్కెట్ల పక్కన వేలాడదు కదా.

అన్నీ నిషేధించమని నేననను. బ్లీచింగ్ పౌడర్ లేకపోతే వానాకాలంలో బావి నీళ్లు తాగలేం. దాన్ని యాసిడ్‌తో కలిపితే క్లోరిన్ గ్యాస్ వస్తుందని చెప్పుకుంటే అక్కడ హెచ్చరిక సరిపోతుంది. విరుగుడు లేనిది, బదులు వస్తువు ఉన్నది మాత్రం దుకాణంలోనే ఉండకూడదు. ఎల్లో ఫాస్ఫరస్ పేస్టు రెండింటికీ తగులుతుంది.

మా ఇంట్లో ఇప్పుడు బోనే. ఎండు కొబ్బరి ముక్కను మంట మీద కాస్త మాడ్చి కొక్కేనికి గుచ్చితే ఆ వాసనకే వస్తాయి. పోయిన వారం మూడు పడ్డాయి.