చుక్కలు లెక్కపెట్టించిన పెట్టె: బడి కోసం కొన్న నీటి పరీక్షల కిట్

ప్రకాశం జిల్లా పశ్చిమ ప్రాంతంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నేను సైన్సు చెబుతాను. కిందటి జూన్‌లో బడి తెరవగానే, తొమ్మిదో తరగతి పిల్లలతో ఊరి నీళ్ళన్నీ పరీక్ష చేయించాలన్న ఉద్దేశంతో, రెండు వేల చిల్లర సొంత డబ్బు పెట్టి నీటి పరీక్షల కిట్ ఒకటి తెప్పించాను. ఆరు నెలలు వాడిన అనుభవం ఇలాంటిదే కొనాలనుకుంటున్న తోటి ఉపాధ్యాయులకు పనికివస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. బజారులో దొరికే ఈ తరహా కిట్లు ఇంచుమించు ఒకే పద్ధతిలో పనిచేస్తాయి కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు.

పెట్టెలో ఉదజని సూచిక (pH, అంటే నీటి ఆమ్ల, క్షార గుణం), కాఠిన్యత (నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాల మోతాదు), క్లోరైడ్, ఫ్లోరైడ్, నైట్రేట్, మిగులు క్లోరిన్ పరీక్షలకు కావలసిన ద్రావణాల సీసాలు, రెండు గాజు గొట్టాలు, రంగుల పట్టిక, బాక్టీరియా ఉందో లేదో చూసే పది చిన్న సీసాలు ఉన్నాయి. ఉదజని సూచిక పరీక్ష నిమిషంలో అయిపోతుంది. పిల్లలకు దాని మీద ఆసక్తి కూడా అంతలోనే అయిపోయింది.

వాళ్ళను కట్టిపడేసింది కాఠిన్యత పరీక్ష. గొట్టంలో గీత వరకు నీళ్ళు పోసి, పొడి కలిపితే నీరు ఎర్రబడుతుంది. ఆ తర్వాత ద్రావణాన్ని ఒక్కొక్క చుక్కే వేస్తూ, కలుపుతూ, ఎరుపు పూర్తిగా నీలంగా మారే వరకు లెక్కపెట్టాలి. మా కిట్‌లో ఒక్కో చుక్క లీటరుకు 25 మిల్లీగ్రాములకు సమానం. తాగునీటిలో కాఠిన్యత 200 దాటకూడదని, వేరే దిక్కు లేనప్పుడు 600 వరకు సరిపెట్టుకోవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి; అంటే ఎనిమిది చుక్కలు, ఇరవై నాలుగు చుక్కలు. చెరువు పక్కన ఉన్న పాత బావి నీళ్ళు పదకొండో చుక్కకు నీలమయ్యాయి. ఎస్సీ కాలనీ బోరు నీళ్ళకు ముప్ఫై ఒకటి పట్టింది. ఇరవై దాటిన దగ్గర నుంచి తరగతి మొత్తం గొంతు కలిపి లెక్కపెడుతుంటే, పక్క గదిలోని లెక్కల మాస్టారు ఏమైందోనని వచ్చి చూశారు.

అయితే ఈ కిట్ కొన్నందుకు నాకు నిజమైన ఫలితం దక్కింది ఫ్లోరైడ్ దగ్గర. మన దేశంలో ఫ్లోరోసిస్ (నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు దెబ్బతినే జబ్బు) గురించి మొదట వెల్లడైంది 1937లో, ఆనాటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచి. ఆ జిల్లాలో ఉన్న కనిగిరి, పొదిలి ప్రాంతాలు 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో (తర్వాత ప్రకాశం అని పేరు మారింది) కలిశాయి. పళ్ళ మీద గోధుమరంగు చారలు మా పిల్లలకు పాఠంలోని బొమ్మ కాదు, పక్క బెంచీలో కనిపించేవే. కాఠిన్యత ఎక్కువున్న బోరులోనే ఫ్లోరైడ్ కూడా ఎక్కువ ఉంటుందని వాళ్ళంతా ముందుగానే తీర్మానించారు. తీరా చూస్తే, తొమ్మిది చుక్కలకే నీలమైన బోరు నీటిలో ఫ్లోరైడ్ ద్రావణం గులాబీ రంగు వదిలి పసుపులోకి తిరిగింది. పట్టికలో 2 మిల్లీగ్రాములు దాటిన చోట ఆగింది. అది ఊళ్ళో అందరూ మెచ్చుకునే బోరు. పప్పు చక్కగా ఉడుకుతుందని, సబ్బు నురగ వస్తుందని ఆడవాళ్ళు రెండు వీధులు దాటి వచ్చి మరీ పట్టుకుపోతారు. నీటిలో కాల్షియం ఎక్కువగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి రాయిగా మారి చాలావరకు అక్కడే ఉండిపోతుంది. కాల్షియం తక్కువై సోడా గుణం ఎక్కువైన నీటిలో రాతి నుంచి ఫ్లోరైడ్ సులువుగా దిగుతుంది. ఈ మాట నేను ముందే చెప్పి ఉంటే నోట్సులో రాసుకుని మరిచిపోయేవారు. తమ ఊహ తప్పని తామే తేల్చుకున్నారు కాబట్టి, మర్నాడు నలుగురు అదే నీళ్ళు మళ్ళీ తెచ్చి, "ఇంకోసారి చూద్దాం సార్" అన్నారు. కాచి తాగితే పోతుందా అని ఒక పిల్ల వాళ్ళమ్మ అడగమన్నదట. పోదు సరికదా, ఆవిరైన మేరకు చిక్కబడుతుంది.

లోపం కూడా సరిగ్గా ఇక్కడే ఉంది. ఫ్లోరైడ్‌కు కోరదగిన పరిమితి లీటరుకు 1 మిల్లీగ్రాము, గరిష్ఠం 1.5. మనం తేల్చుకోవలసింది ఈ రెండింటి మధ్యే, కాని పట్టికలో ఆ రెండు గళ్ళ రంగులకూ తేడా చెప్పడం నా కళ్ళకే కష్టమైంది. ముగ్గురు పిల్లలు ఒకరి అంకె ఒకరికి తెలియకుండా విడివిడిగా చూసి రాసుకునే పద్ధతి పెట్టుకున్నాం. అయినా తేలని నమూనాలను గ్రామీణ నీటి సరఫరా ప్రయోగశాలకు పంపడమే సరైన పని. కిట్ చెప్పిన అంకెను పట్టుకుని బోరు మూయించమని పంచాయతీకి వెళ్ళకూడదు.

మిగతా ఇబ్బందులు చిన్నవి. వివరాల పుస్తకం ఇంగ్లీషులోనే ఉంది. రెండు రాత్రులు కూర్చుని తెలుగులో రాసి అట్ట మీద అంటించాను. ఒక సీసా మీద గడువు తేదీ లేదు. క్లోరైడ్ పరీక్షలో వాడే సిల్వర్ నైట్రేట్ పడితే వేళ్ళు నల్లబడి వారం దాకా వదలవు, ఫ్లోరైడ్ ద్రావణంలో ఆమ్లం ఉంటుంది. చేతి తొడుగులు మాత్రం పెట్టెలో లేవు. బాక్టీరియా సీసాలో నీళ్ళు పోసి ఒకటి రెండు రోజులు వెచ్చటి చోట ఉంచాలి, నల్లబడితే ఆ నీళ్ళు కలుషితమైనట్టు. అలా నల్లబడిన సీసాను బ్లీచింగ్ పౌడర్ నీళ్ళు పోయకుండా పారేయకూడదన్న ముఖ్యమైన సంగతి పుస్తకంలో చివరి పేజీలో, సన్న అక్షరాలలో ఉంది.

నవంబరు వానలకు చెరువు నిండాక పాత బావి నీళ్ళను మళ్ళీ చూశాం. పదకొండు చుక్కలు ఏడుకు దిగాయి. చెరువు నుంచి ఊరిన నీరు బావిని పలచబరిచిందని నేను నోరు విప్పకముందే ఒక కుర్రవాడు చెప్పాడు. ఆ బావిలో చెత్త వేస్తున్నది ఎవరో కూడా పిల్లలకు తెలుసు. ఇప్పుడు ఆ చెత్త వేసేవాళ్ళను అడ్డుకుంటున్నారు. ఆ తర్వాత పిల్లలే వాటర్ ప్లాంటుకు వెళ్ళి, శుద్ధి చేశాక పక్క కాలువలోకి వదిలేస్తున్న నీళ్ళు సీసాలో పట్టుకొచ్చారు. నలభై చుక్కలు వేసినా ఎరుపు పోలేదు. ఒక క్యాన్ నింపితే ఇంచుమించు మరో క్యాను నీళ్ళు అలా పోతున్నాయని కూడా బిందె పెట్టి కొలిచి వచ్చారు.

ముప్ఫై మంది పిల్లలకు రెండు గొట్టాలు చాలవు. విడిగా మరో ఆరు కొనుక్కోండి. రీఫిల్ సీసాలు విడిగా అమ్మే దుకాణం నుంచే కిట్ తెప్పించుకోండి. మాకు కాఠిన్యత ద్రావణం డిసెంబరుకే అయిపోయింది, ఉదజని సూచిక సీసా ఇంకా ముప్పావు వంతు అలాగే ఉంది.