ఫేజ్ 2తో రెండు లీగ్ సీజన్లు: తప్పంతా 10వ పిన్‌దే అనుకున్నాం

స్టార్మ్ కంపెనీ బౌలింగ్ బాల్ ఫేజ్ 2 మార్కెట్లోకి వచ్చింది 2017లో. కోర్ (లోపలి బరువు దిమ్మ) ఏది, ఆర్‌జీ (ఆ బరువు కేంద్రానికి ఎంత దూరంగా పరుచుకుందో చెప్పే అంకె) ఎంత అన్నవి లీగ్‌లో ఆడేవాళ్లకి కంఠతా వచ్చేసి ఉంటాయి కాబట్టి అవి వదిలేస్తున్నా. నా దగ్గరున్నది 15 పౌండ్లది. అమెరికాలో వారపు లీగ్, వారానికి మూడు గేమ్‌లు, రెండు సీజన్లు. లెక్క 200 దాటింది. ఇన్ని గేమ్‌ల తర్వాత ఈ బాల్ గురించి నాకు మాట్లాడాలనిపించేది ఒక్కటే, దాని పైపొర. పెట్టెలోంచి తీసినప్పుడు 3000 గ్రిట్ ప్యాడ్‌తో (గ్రిట్ అంకె పెరిగేకొద్దీ నునుపు ఎక్కువ) రుద్దిన మసక ముఖం ఉంటుంది చూడండి, దానంత నమ్మకంగా లేన్‌ని పట్టుకునే సాలిడ్ కవర్ (మెరుపు పొడి కలపని పైపొర) నా చేతికి ఇంకోటి తగల్లేదు. కాకపోతే ఆ ముఖం ఎక్కువ రోజులు ఉండదు.

మామూలు హౌస్ షాట్‌లో (సెంటర్లు రోజూ లేన్ మీద నూనె పరిచే తీరు) నూనె దాదాపు 40 అడుగుల దాకా ఉంటుంది, మధ్యలో చిక్కగా, అంచుల్లో పల్చగా. నూనె పొడవులోంచి 31 తీసేయాలన్నది ఆటగాళ్ల వాడుక లెక్క, 40లోంచి 31 తీసేస్తే 9. అంటే నూనె దాటే చోట బాల్ సుమారుగా 9వ బోర్డు (లేన్‌లోని సన్నటి పలక, కుడి అంచునుంచి లెక్క) మీద ఉండాలి, అక్కణ్ణించి పాకెట్‌కి (1, 3 పిన్‌ల మధ్య సందుకి) తిరగాలి. కొత్తలో ఈ బాల్ ఆ పని కళ్లు మూసుకుని చేసేది. చేయి కాస్త తప్పి రెండు బోర్డులు అటూ ఇటూ పడ్డా వచ్చి పాకెట్‌లోనే చేరేది. అప్పట్లో అడిగినవాళ్లందరికీ "ఒక్క బాల్ కొనుక్కోవాలంటే ఇదే కొనుక్కోండి" అని చెప్పాను. ఆ మాటని ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి.

60, 70 గేమ్‌ల దగ్గర 10వ పిన్ గొడవ మొదలైంది, వెనక వరసలో కుడి చివరిది పడకుండా మిగలడం. కుడిచేతి వాళ్లకి ఈ బాధ తెలిసే ఉంటుంది. బాల్ పాకెట్‌లోకే వెళ్తుంది, తొమ్మిది పడతాయి, 6వ పిన్ మాత్రం బద్ధకంగా గట్టర్‌లోకి దొర్లిపోతుంది, 10 అలాగే నిలబడుతుంది. బాల్‌లో పస తగ్గి, హెడ్ పిన్‌ని (అన్నిటికంటే ముందున్న 1వ పిన్‌ని) తాకగానే కుడివైపు చెదిరిపోతోందని దానర్థం. ట్యూబ్‌లైట్ కింద పట్టుకుని తిప్పితే విషయం కనబడింది. వేళ్ల రంధ్రాల పక్కగా నూనె వలయాలు పడే మేరంతా అరిగిన రాతిమెట్టులా నున్నగా మెరుస్తోంది, మిగతా ఒళ్లు మాత్రం మసగ్గానే ఉంది. పైన నునుపు వచ్చింది, గరుకు చేస్తే సరి అనుకుని 1000 గ్రిట్ ప్యాడ్‌తో చేత్తోనే రుద్దాం.

మొదటి గేమ్ అద్భుతం. రెండో గేమ్ సగానికి మళ్లీ అదే 10వ పిన్.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. 10వ పిన్ అలా నిలబడటానికి రెండు పూర్తి వ్యతిరేక కారణాలున్నాయి. బాల్ మరీ నున్నగా ఉంటే నూనె దాటాక కూడా జారుతూ పోయి ఆలస్యంగా తిరుగుతుంది, తిరిగే పని పూర్తి కాకముందే పిన్‌ల దగ్గరికి చేరుతుంది. మరీ గరుగ్గా ఉంటే లేన్ మీది బాణాల గుర్తులు దాటిన కాసేపటికే పట్టుకుని, ఉన్న శక్తంతా దారిలోనే ఖర్చు పెట్టేసి, చివరి పది అడుగులూ సూటిగా దొర్లుతుంది. రెండు సందర్భాల్లోనూ పిన్‌ల దగ్గర కనబడేది ఒకటే. కాబట్టి పిన్‌లని చూడకండి, బాల్ ఎక్కడ తిరిగిందో చూడండి. నూనె దాటాక ఆలస్యంగా తిరిగితే గరుకు చేయాలి. ముందే తిరిగి చివర్లో చప్పబడితే నునుపు చేయాలి, లేదా ఎడమకి జరిగి నూనె ఎక్కువున్న చోట వేయాలి. మేం చేసింది ఏంటంటే, మొదటి జబ్బుకి వేసిన మందుతో రెండో జబ్బు తెచ్చుకున్నాం. పైగా లోపల పీల్చుకున్న నూనె అలాగే ఉంది. ఇలాంటి రియాక్టివ్ (రెసిన్) కవర్‌కి కంటికి కనబడని రంధ్రాలుంటాయి, అవి లేన్ నూనెని తాగుతాయి. పైన ఎంత గీకినా అవి నిండి ఉంటే పట్టు నాలుగు ఫ్రేములకి (వంతులకి) మించి నిలవదు.

సరిగ్గా చేయాల్సిన వరస ఇది. ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉన్న క్లీనర్‌తో తుడిచి, తడిపిన 500 ప్యాడ్‌తో బాల్ అంతా సమంగా రుద్దాలి. దీంతో పైన పట్టిన నునుపు పోయి రంధ్రాలు తెరుచుకుంటాయి. తర్వాత పెయింట్ బకెట్ లాంటి పెద్ద బకెట్‌లో వేడినీళ్లు, నాలుగు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్. వేడి 55 డిగ్రీలు దాటొద్దు. మరిగే నీళ్లు, ఓవెన్, హెయిర్ డ్రయ్యర్ జోలికి అసలు పోవద్దు, ఆ వేడికి కవర్ పగిలే ప్రమాదం ఉంది. బొటనవేలి స్లగ్ (రంధ్రంలో బిగించే గొట్టం) మార్చుకునే రకమైతే లోపలిది తీసేసి, రంధ్రాలకి వాటర్‌ప్రూఫ్ టేపు వేయండి. పాత జిగురు వేడికి వదిలేస్తే మళ్లీ రంధ్రాలు వేసే ప్రో షాప్ చుట్టూ తిరగాలి. 15 పౌండ్ల బాల్ బుద్ధిగా మునుగుతుంది (11 పౌండ్లదైతే తేలుతుంది, దాన్ని తిప్పుతూ ఉండాలి). పావుగంటకి నీళ్ల మీద పసుపు రంగు తెట్టు కడుతుంది. మొదటిసారి చూసినప్పుడు ఇంత నూనె మోసుకుని తిరిగామా అనిపిస్తుంది. తీసి తుడిచి, నీళ్లు మార్చి, తెట్టు కనబడనంత వరకూ మళ్లీ మళ్లీ చేయాలి. మాకు మూడు బకెట్లు పట్టింది. ఒకరోజు నీడలో ఆరనిచ్చి, అప్పుడు 1000, 2000, 3000 ప్యాడ్‌లు వరసగా, ఒక్కటీ దాటేయకుండా. స్పిన్నర్ (బాల్‌ని తిప్పే యంత్రం) ఉంటే ఒక్కో ప్యాడ్‌కి నాలుగు వైపులా ముప్పై సెకన్ల చొప్పున, చేయి బరువు మోపకుండా. చేత్తో అయితే ఒక్కో గ్రిట్‌కి పది నిమిషాలు. మధ్యలో 1000 వదిలేస్తే 500 గీతలు అడుగున అలాగే ఉండిపోతాయి. పైన 3000 అనుకుంటాం, లేన్ మీద మాత్రం అది తొందరగానే పట్టేస్తుంది.

ఇది అయ్యాక బాల్ దాదాపు కొత్తదానిలా వచ్చింది. దాదాపు అనే అంటున్నా. మొదటి ఇరవై గేమ్‌ల ఆ పట్టు మళ్లీ పూర్తిగా రాలేదు.

అప్పటినుంచి ప్రతి త్రోకీ ముందు పొడి మైక్రోఫైబర్ గుడ్డతో వలయాలు తుడవడం, ఆట ముగిసిన వెంటనే బాల్ ఇంకా వెచ్చగా ఉండగానే క్లీనర్ వేయడం. యూఎస్‌బీసీ (అమెరికా బౌలింగ్ సంఘం) లీగ్‌లో ఆట మధ్యలో ద్రవంతో తుడవడాన్ని 2019 ఆగస్టులో నిషేధించారు. ఆట మొదలయ్యాక ప్యాడ్‌తో రుద్దడమూ కుదరదు. అందుకే ఏ గ్రిట్‌తో దిగాలన్నది ముందే తేల్చుకుని రావాలి.

ఇంత చాకిరీ ఎవరికి గిట్టుబాటు? బాల్ వేగం గంటకి 16 మైళ్లు దాటి, చేతిలో తిప్పు మధ్యస్థంగా, అంటే నిమిషానికి 300 చుట్లలోపు ఉన్నవాళ్లకి ఇలాంటి మసక సాలిడ్ దేవుడిచ్చిన వరం. వేగం 14 దాటనివాళ్లకీ, తిప్పు బాగా ఎక్కువున్నవాళ్లకీ ఇది తొందరపడే బాల్. వాళ్లు 3000 మీద పాలిష్ వేయించినా కొంత ఫలితం ఉంటుంది గానీ, సాలిడ్‌కి ఎంత పాలిష్ వేసినా పెర్ల్ (మెరుపు పొడి కలిపిన, నూనె మీద ఎక్కువ దూరం జారే రకం) అవ్వదు. మూడో గేమ్‌కి లేన్ మధ్యలో నూనె కరిగాక నాకే ఇది ముందుగా పట్టేస్తోంది, ఇప్పుడు సంచిలో రెండో బాల్‌గా పెర్ల్ పెట్టుకోక తప్పడం లేదు. 10వ పిన్‌ని సూటిగా కొట్టడానికి ప్లాస్టిక్ బాల్ వేరే. "ఒక్క బాల్" మాట అక్కడికే పోయింది. ఇంకోటి, 12 పౌండ్లూ అంతకంటే తక్కువ బరువుల్లో కొన్ని కంపెనీల బాల్స్‌లో ఆ మోడల్‌కి చెందిన కోర్ ఉండదు, మామూలు కోర్ వేస్తారు. పిల్లలకి తేలికది కొనేవాళ్లు రివ్యూల్లోని అంకెలు చూసి కొనకండి, ఆ బరువుకి ఇచ్చిన అంకెలు విడిగా చూడండి.

హైదరాబాద్ తీసుకెళ్దామనుకునేవాళ్లకి: 15 పౌండ్లంటే 6.8 కిలోలు, 7 కిలోల క్యాబిన్ పరిమితికి సంచి బరువు కూడా మిగలదు. చెక్-ఇన్‌లో వేసినా ఫలితం అనుమానమే. మాల్స్‌లో సరదాగా ఆడించే సెంటర్లలో నూనె ఎప్పుడు వేశారో తెలియని లేన్ మీద ఇది బాణాలు దాటకముందే ఎడమకి లాగేస్తుంది. అక్కడికి పాలిష్ చేసిన పెర్ల్ గానీ, ఊరికే ప్లాస్టిక్ గానీ చాలు. ఎండాకాలం కారు డిక్కీలో మాత్రం ఏ బాల్‌నీ వదిలేయకండి. లోపలి నూనె చెమటలా బయటికొచ్చి సంచికి పడుతుంది, సాయంత్రం ఏసీ హాల్లోకి తెచ్చాక వేళ్ల రంధ్రాల మధ్య సన్నటి చోటే ముందు చీలుతుంది.

ప్రస్తుతం 2000 మీద ఆపేశాను, మా సెంటర్లో ఈ సీజన్ నూనె కాస్త ఎక్కువ పోస్తున్నారు. 240వ గేమ్ దగ్గర మళ్లీ బకెట్.