చీమకుర్తి రంపం చక్రంతో చేసిన కత్తులు: మూడేళ్లు వాడాక

చీమకుర్తిలో గ్రానైట్ కోసి కోసి అంచుకు అతికిన వజ్రపు పొడి బిళ్లలు అరిగిపోయాక పాత ఇనుము కింద అమ్మేసిన చక్రంలోంచి తీసిన కత్తులివి. రెండూ 14 అంగుళాల చక్రంవే, మందం 2.2 మిల్లీమీటర్లు. ఒకదాన్ని ఉన్న ఉక్కును ఉన్నట్టే కోసి సాన పట్టారు. రెండోదాన్ని కొలిమిలో కాల్చి, నూనెలో ముంచి, ఆపైన పెళుసు తీశారు.

మొదటిది గోంగూరకీ దొండకాయలకీ పర్వాలేదు. చేపల దగ్గరే తేలిపోయింది. రెండు కిలోల బొచ్చె ముక్కలు కోసేసరికి అంచు ఒక పక్కకు మడత పడుతుంది. గోటితో మెల్లగా తడిమితే ఆ మడత తగులుతుంది. రాయి మీద తిరిగేటప్పుడు పగలకూడదని చక్రం ఉక్కును స్ప్రింగులా వంగేట్టు తయారుచేస్తారు. కత్తి అంచుకు ఆ గట్టిదనం చాలదు.

రెండోది ఇప్పటికీ బాగుంది. అదే పనికి వారం పది రోజులకోసారి సానరాయి మీద నాలుగు రాపులు చాలు. అయితే మటన్ ఎముకల మీద దీన్ని వేయొద్దు, అంచు పెచ్చులూడుతుంది.

చేయించేవాళ్లు ముందు చక్రాన్ని వేలాడదీసి కొట్టి చూడండి. ఖంగుమనాలి. దబ్బుమంటే అది చప్పుడు తగ్గించడానికి రెండు రేకుల మధ్య రాగి పెట్టి చేసిన రకం కావచ్చు, కత్తికి పనికిరాదు. బిళ్లలు అతికిన అంచును అంగుళం మేర కోసి పారేయాలి. ఆ అతుకు లోహంలో కాడ్మియం ఉండొచ్చు, కాలిస్తే పొగ విషం. తర్వాత వేలెడు ముక్కను ఎర్రగా కాల్చి నూనెలో ముంచి సుత్తితో కొట్టండి. పుటుక్కున విరిగితే మంచి ఉక్కు, వంగితే వదిలేయండి.

పిడి రివిట్ల బెజ్జాలు కాల్చకముందే వేయించాలి, గట్టిపడ్డాక మామూలు డ్రిల్లు దిగదు. అయస్కాంతం అతుక్కోవడం మానేశాక ఇంకాస్త కాచి, గోరువెచ్చని వేరుశెనగ నూనెలో నిలువుగా దించాలి. అడ్డంగా దించితే వంకర పోతుంది, నీళ్లలో దించితే పగులుతుంది. ఆకురాయి పట్టకుండా జారిపోతే సరిగ్గా గట్టిపడినట్టు. పెళుసు తీయడానికి వెంటనే ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర గంట చొప్పున రెండుసార్లు ఉంచాలి. తోమిన చోట ఎండుగడ్డి రంగు తిరుగుతుంది. చాలామంది తొందరపడి వదిలేసేది ఈ పనే, అంచు పెచ్చులూడేదీ అందుకే. చివరి సాన ఉత్తి చేతులతో పట్టుకుని, క్షణక్షణం నీళ్లలో ముంచుతూ పట్టాలి. అంచు నీలం తిరిగిందంటే అక్కడ గట్టిదనం పోయినట్టే.

ఇది తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీలు కత్తి కాదు. కొత్తలో పులుసుకి మామిడికాయ కోస్తే ముక్క నల్లబడుతుంది. నెల తిరిగేసరికి కత్తే బూడిద రంగుకు వస్తుంది. అది తుప్పు కాదు, పీచుతో రుద్ది పోగొట్టొద్దు. ఎర్రటి చుక్కలు వస్తే మాత్రం అప్పటికప్పుడు తీసేసి కొబ్బరినూనె రాయాలి. కొత్తపట్నం వైపు ఉప్పుగాలికి తడి కత్తి రాత్రికి రాత్రే చుక్కలు వేస్తుంది. తుమ్మ పిడి బాగానే ఉంది గానీ, ఉక్కుకీ కర్రకీ మధ్య సందును అరాల్డైట్‌తో పూడ్పించండి. లేకపోతే కడిగిన నీళ్లు లోపలికి దిగి, పైకి కనపడకుండా రివిట్ల దగ్గర తినేస్తాయి.