అక్టోబరులో మోనో లేక్: నాన్నతో మూడు రోజులు, రెండు తెల్లవారుజాములు

నాన్న ఒడ్డున కూర్చుని రెండు వేళ్లు నీళ్లలో ముంచి రుద్ది చూశారు. “ఒరేయ్, ఇవి చౌడు నీళ్లురా. చాకిరేవు దగ్గర చౌడుమట్టి కలిపిన నీళ్లు ఇట్లాగే జారేవి” అన్నారు.

ఆయన సరిగ్గానే పట్టుకున్నారు. కాలిఫోర్నియాలో సియెర్రా కొండలకు తూర్పున ఉన్న ఈ సరస్సులోకి వాగులు వచ్చి కలుస్తాయి కానీ, నీరు బయటికి పోయే దారి లేదు. నీరు ఆవిరైపోయి ఉప్పులూ సోడా మిగిలిపోతాయి. కనీసం 7,60,000 ఏళ్లుగా ఇదే వరస. సముద్రం కంటే రెండు మూడు రెట్లు ఉప్పగా, పీహెచ్ 10 దాకా ఉండే ఆ నీళ్లలో చేపలు బతకవు.

ఫ్రీమాంట్ నుంచి అక్టోబరు రెండో వారంలో యోసెమిటీ మీదుగా వెళ్లాం. దారిలో టియోగా పాస్ ఎత్తు దాదాపు 10,000 అడుగులు. అక్కడ నాన్నకు కాస్త తల తిరిగింది. పావుగంట ఆగి, నీళ్లు తాగించి, మెల్లగా దిగాం. పెద్దవాళ్లతో వెళ్తే ఆ రోడ్డులో తొందర వద్దు. మంచు పడితే రోడ్డు మూసేస్తారు కాబట్టి బయల్దేరే ముందు చూసుకోవాలి.

మొదటి రాత్రి జూన్ లేక్ అనే ఊరి వైపు ఒక మోటెల్‌లో దిగాం. ఫోటోల్లో చక్కగా కనిపించింది కానీ హీటర్ పనిచేయలేదు. బయట గడ్డకట్టే చలి, రిసెప్షన్‌లో మనిషి లేడు, ఫోన్ ఎవరూ ఎత్తలేదు. నాన్న స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని పడుకున్నారు, నాకు రాత్రంతా టెన్షనే. మర్నాడు సరస్సు పక్కనే ఉన్న లీ వైనింగ్ ఊరికి మారాం. గది చిన్నది, అద్దె కూడా తక్కువేం కాదు. కానీ వెచ్చగా ఉంది, ఫోటోలకు అందరూ వెళ్లే, సున్నపురాతి స్తంభాలుండే సౌత్ టూఫా ఒడ్డు అక్కడికి పావుగంట దూరమే. మామత్ లేక్స్ ఊళ్లో హోటళ్లూ భోజనాలూ ఎక్కువే అయినా, చీకట్లో అరగంటకు పైగా కారు నడపాలి. తెల్లవారుజామున ఫోటోలు తీయాలనుకునేవాళ్లకు నా సలహా లీ వైనింగే.

తిండికి రైస్ కుక్కర్, పులిహోర పొడి, ఆవకాయ పట్టుకెళ్లడం మంచిదైంది. టియోగా రోడ్డు మొదట్లో పెట్రోల్ బంకులోనే ఉన్న వో నెల్లీ డెలీలో నేను చేప టాకోలు తిన్నాను, చాలా బాగున్నాయి. పెట్రోలు మాత్రం ముందే నింపుకోండి, అక్కడ బాగా ఖరీదు.

సౌత్ టూఫాకు మనిషికి 3 డాలర్లు తీసుకున్నారు. మరుగుదొడ్లున్నాయి, తాగే నీళ్లు లేవు. నడక ఒక మైలు, అంతా చదునే. సూర్యోదయం ఏడింటి ప్రాంతంలో, మేం ఆరుకే చేరాం. టూఫా స్తంభాలు చీకట్లో అచ్చం పాముపుట్టల్లా ఉన్నాయి. సరస్సు అడుగున ఊరే మంచినీటి ఊటల్లోని కాల్షియం, సరస్సులోని కార్బొనేట్‌తో కలిసి సున్నపురాయిగా పేరుకుంటే అవి ఏర్పడతాయి. గాలి లేదు, నీరు కదలలేదు. వెలుగు ముందు పడమటి కొండల కొనల మీద గులాబీ రంగులో పడింది. అప్పటికి పుట్టలింకా నీలంగానే ఉన్నాయి. ఆ పది నిమిషాల కోసమైనా చలిలో లేవొచ్చు. అందరూ వైడ్ లెన్స్ పెడతారు కానీ, 70-200 జూమ్ లెన్స్‌తో పుట్టల వెనక కొండను దగ్గరికి లాగి తీసినవే నాకు నచ్చాయి. సాయంత్రం అంత బాగా రాలేదు. మధ్యాహ్నం నుంచే గాలి లేచింది, సూర్యుడు కొండ వెనక్కి తొందరగా దిగి ఒడ్డంతా నీడ పడింది. ట్రైపాడ్ కాళ్లు నీళ్లలో పెడితే గదికి రాగానే మంచినీళ్లతో కడగండి.

నీళ్ల మీద నల్లచుక్కల్లా కనిపించినవన్నీ ఉప్పునీటి రొయ్యల కోసం శరత్కాలంలో దిగే గ్రీబ్ పక్షులు, మన బుడుబుంగల జాతివే. పసుపెక్కిన ఆస్పెన్ చెట్ల కోసం లండీ క్యాన్యన్‌లో ఒక పూట గడిపాం, అది చాలు.

నడకదారి పక్కన, నీటిమట్టం ఒకప్పుడు ఇక్కడుండేది అని సంవత్సరాలతో బోర్డులు పెట్టారు. టూఫా పెరిగేది నీళ్లలోనే, నీరు తగ్గబట్టే ఈ పుట్టలు బయటపడ్డాయి. 1941 నుంచి లాస్ ఏంజెలెస్ నగరం ఇక్కడి వాగులను మళ్లించుకుపోతే 1982 నాటికి మట్టం 45 అడుగులు పడి, ఉప్పదనం రెట్టింపైంది. 1978లో మోనో లేక్ కమిటీ ఏర్పడి కోర్టుల్లో పోరాడింది. 1994లో రాష్ట్ర జలమండలి మట్టాన్ని సముద్రమట్టానికి 6,392 అడుగుల ఎత్తుకు తేవాలని ఆదేశించింది. ఇప్పటికీ అంత ఎత్తుకు చేరలేదు.

నాన్నది సాగర్ కుడికాలవ చివరి ఆయకట్టు. నీళ్లు పైనే ఆగిపోతే ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. నేను చెప్పిందంతా విని, “అయితే ఈ పుట్టలు మనకు కనపడకుండా ఉంటేనే బాగుండేదన్నమాట” అన్నారు.

తిరిగొచ్చాక ఎనిమిది వందల ఫోటోల్లోంచి ఒక్కటే ప్రింట్ తీయించాను. అందులో నాన్న ఒక బోర్డు పక్కన నిలబడి ఉన్నారు. నీళ్లు ఆయన వెనక చాలా దూరంలో, సన్నటి గీతలా ఉన్నాయి.