ఓమ్నీ ముందు కవరు ప్యాకింగ్: మూడేళ్లు, 41,000 కిలోమీటర్లు నడిపాక

మాది 2011 మోడల్ మారుతి ఓమ్నీ వ్యాను. దాని ఇంజను ముందు కవరు, అంటే ఆయిల్ పంపు కేసు, ప్యాకింగ్ (రెండు లోహపు భాగాల మధ్య ఆయిలు కారకుండా పెట్టే గాస్కెట్) మార్పించాను. పెళ్లి వంటల సామాను వేసుకుని తిరుచానూరు, శ్రీనివాసమంగాపురం, కాణిపాకం తిరుగుతుంది. నెలకు రెండు మూడు సార్లు తిరుమల కొండకు పోవాల్సిందే. ఇంజను ముందు సీట్ల కిందే కాబట్టి ఆయిలు కారితే మొదట ముక్కుకే తెలుస్తుంది. అలిపిరి దాటి రెండో ఘాట్ ఎక్కేటప్పుడు మాడు వాసన. తెల్లారి చూస్తే బండి కింద అరచేతంత మరక. వారానికి పావు లీటరు పోస్తే గానీ డిప్‌స్టిక్ మీద గీత అందేది కాదు.

మొదట చూపించిన షెడ్డులో టైమింగ్ కవరు (టైమింగ్ బెల్టు మీది మూత) మాత్రం తీసి, ఆయిల్ పంపు కేసు అంచు చుట్టూ బయట బయటే సిలికాన్ పూసి 1,200 తీసుకున్నారు. పందొమ్మిది రోజులకు మళ్లీ మరక. ఆయిలు తడి ఉన్న లోహానికి సిలికాన్ పట్టదు. లోపలినుంచి ఆయిలు తోస్తుంటే పైపూత తోలు ఊడినట్టు ఊడుతుంది. అలా ఊడిన ముక్క ఒకటి టైమింగ్ బెల్టు పళ్ల మధ్య నలిగి ఉండడం తర్వాత నా కళ్లతో చూశాను. ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని, తెగితే ఇంజనే ఆగిపోయే ఆ బెల్టుతోనే కొండ దిగానే అని ఒళ్లు జలదరించింది.

తర్వాత కరకంబాడి రోడ్డులో ఒక పెద్దాయన దగ్గరికి పోయాను. ఆయన స్పానరు పట్టుకోలేదు. "ఆయిలు కిందికి కారతాది నాయనా, పుట్టేది పైన ఉండచ్చు. ముందు యాడ పుడతా ఉందో చూద్దాం" అని ఇంజను ముందుభాగమంతా కిరోసిన్‌తో కడిగి, గాలి కొట్టి ఆరబెట్టి, ముఖానికి వేసుకునే పౌడరు చల్లాడు. పావుగంట ఇంజను ఆడించాక తెల్లటి పౌడరు మీద రెండు నల్లగీతలు తేలాయి. ఒకటి క్రాంక్ ఆయిల్ సీల్ (ఇంజను ఇరుసు చుట్టూ ఆయిలు ఆపే రబ్బరు రింగు) కింద, రెండోది పంపు కేసు ఎడమ మూలన. ఇంజను పైమూత, అదే ట్యాపెట్ కవరు, పొడిగా ఉంది. నేను అన్నాళ్లూ దాన్నే అనుమానించాను.

ఆయన ఇంకొకటి చూపించాడు. ఇంజను ఆడుతుండగా ఆయిలు పోసే మూత తీస్తే బుస్సున పొగ. ఇంజను లోపలి గ్యాస్ బయటికి పోయే బ్రీదర్ పైపు జిడ్డుతో మూసుకుపోయింది. పిస్టన్ల పక్కనుంచి కిందికి దిగే గ్యాస్‌కు పోయే దారి లేక సీళ్ల మీద, ప్యాకింగుల మీద పడుతోంది. ఘాట్‌లో సెకండ్ గేరులో అంతసేపు బరువు లాగితే ఆ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. పైపు శుభ్రం చేయకుండా ఎంత మంచి ప్యాకింగ్ వేసినా దండగే అన్నాడు. ఈ రిపేరులో నాకు అన్నిటికంటే విలువైన మాట అదే.

పని రెండు రోజులు పట్టింది. బెల్టు, పుల్లీ, ఛాంబరు (ఇంజను అడుగున ఆయిలు నిలిచే తొట్టి) దించి పంపు కేసు విప్పారు. పాత కాగితం ప్యాకింగ్‌ను స్క్రూడ్రైవరుతో గీకనివ్వలేదు. కేసు అల్యూమినియం కాబట్టి గీటు పడితే అదే కొత్త లీకుకు దారి. బ్లేడు పడుకోబెట్టి తీసి, చివర పెట్రోలు గుడ్డతో తుడిచారు, కిరోసిన్ జిడ్డు మిగులుస్తుంది కాబట్టి. షీటు కత్తిరించి సుత్తితో కొట్టి చేసే ప్యాకింగ్ వద్దని, రెడీమేడ్‌దే తెప్పించాను. కేసు బిగించాక ఆ కాగితం అడుగున వెంట్రుకవాసి బయటికి పొడుచుకొచ్చింది. పెద్దాయన పదునైన కత్తితో దాన్ని బ్లాకుకు (ఇంజను దిమ్మెకు) సమానంగా కోసి, వేలితో రెండుసార్లు తడిమి చూశాడు. ఆ కాస్త మిగిలితే ఛాంబరు అక్కడ సరిగా కూర్చోదు. కేసు, బ్లాకు కలిసే రెండు మూలల్లో మాత్రం సిలికాన్ చుక్క పెట్టాడు. కొత్త సీల్ పెదవికి ఆయిలు రాసి ఎక్కించాడు. ఆయిల్లో నానిన బెల్టు రబ్బరు ఉబ్బి పాడవుతుంది, అందుకని అదీ కొత్తదే. మొత్తం 5,400 అయింది.

మూడేళ్లలో ముందువైపు ఒక్క చుక్క లేదు. 1944 నాటి మొదటి ఘాట్‌లో గేరు మీద ఇంజను పట్టుకుని మలుపులన్నీ దిగినా ఆ మాడు వాసన రాలేదు. ఆయిలు మార్చే మధ్యలో పోయాల్సిన పని తప్పింది. లోటు ఉన్నది ఛాంబరు ప్యాకింగ్‌లోనే. 30,000 కిలోమీటర్ల దగ్గర దాని వెనక మూల కాస్త చెమ్మగిల్లింది. నేనే బోల్టు బిగించబోతే, ఇంకా తిప్పితే ఆ ప్యాకింగ్ కార్కు పిండుకుని చిరుగుతుందని ఆయన ఆపించాడు. చుక్క కింద పడడం లేదు కాబట్టి అలాగే వదిలేశాను.

డబ్బు తక్కువైతే ఒకటి రెండు నెలలు ఆయిలు పోసుకుంటూ ఆగండి గానీ పైపూత పనికి ఒప్పుకోకండి. ఛాంబరు దించకుండా చేస్తామనేవాళ్లకు నేనైతే బండి ఇవ్వను. బ్రీదర్ పైపును మాత్రం ఆయిలు మార్చిన ప్రతిసారీ నేనే విప్పి, పెట్రోలుతో కడిగి, నోటితో ఊది చూసి పెడుతున్నాను.